ప్రభుదాసు గారి మూడు లేయర్లు

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ప్రేమమణి గడప దగ్గర చెప్పులేసుకుంటూ, పప్పు ఫ్రిజ్‌లో ఉందని, అన్నం కుక్కర్లో ఉందని, వేడి చేసుకున్నాక స్టవ్వు ఆపడం మరిచిపోవద్దని మూడోసారి చెప్పింది. ప్రభుదాసు బుద్ధిమంతుడైన విద్యార్థిలా తల ఊపాడు. లోపల మాత్రం ఆవిడ ఎప్పుడు మెట్లు దిగుతుందా అని కాచుక్కూర్చున్నాడు.

బన్సీలాల్‌పేట్‌లో ఉన్న అక్క రోసమ్మను కంటి పరీక్షకు తీసుకెళ్లి, సాయంత్రం ఐదుకల్లా ఇల్లు చేరాలని ఆవిడ ప్లాను. ఆవిడ వచ్చేలోపు జన్మలో మొదటిసారి ఒక కేకు చేయాలని ఈయన ప్లాను. ఆ రోజుకు వాళ్ల పెళ్లయి ముప్పై అయిదేళ్లు. ఆ తేదీ ఏటా ఆవిడకు గుర్తుండటం, ఈయన మరిచిపోవడం ఆ ఇంటి రివాజు. ఈ ఏడు ప్రభుదాసుకు గుర్తుంది, గుర్తులేనట్టు నటించాడు. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఉంది కాబట్టి నటన చాలా సహజంగా వచ్చింది.

ప్రభుదాసు సోషల్ టీచరుగా ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆఫ్రికా ఖండంలో నదులన్నీ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన వంటింట్లో చక్కెర డబ్బా ఏ అరలో ఉంటుందో మాత్రం చెప్పలేడు. మల్కాజ్‌గిరిలో వాళ్లుండే కాలనీ మొత్తానికి పుట్టినరోజులకూ క్రిస్మస్‌కూ ప్రేమమణి ఓవెన్ నుంచే కేకులు వెళతాయి. పోయిన డిసెంబరులో ఒక పెళ్లి రిసెప్షన్‌లో, మధ్యమధ్య క్రీమూ పండ్లూ పెట్టి పైన నురగలాంటి తెల్ల క్రీము పూసిన మూడు లేయర్ల కేకు ముందు ఆవిడ చాలాసేపు నిలబడింది. "ఎవరు చేసిండ్రో గానీ, ఎంత మనసు పెట్టి చేసిండ్రో," అని ఊరుకుంది.

ఊరందరికీ కేకులు చేసే మనిషికి ఇంతవరకు ఎవరూ ఒక్క కేకు చేసి పెట్టలేదన్న సంగతి ప్రభుదాసుకు అప్పుడు తట్టింది. తానైనా ఆమె వంటను ఒక్కసారి బాగుందన్నాడా అని గుర్తు చేసుకోబోయాడు, గుర్తు రాలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గు ఐదు నెలలుగా లోపలే ఉంది. ఇలాంటివి నోటితో చెప్పడం ఆయనకు చేతకాదు. కేకైతే తన తరఫున చెబుతుందని ఆశ. ఈసారి చెడితే మళ్లీ ఇంత ధైర్యం తనకు రాదని కూడా ఆయనకు తెలుసు.

ఆవిడ వీధి మలుపు తిరగగానే, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు జెరూషాకు ఫోను కలిపాడు. ఆ ఇంట్లో సిగ్నలు బాల్కనీలోనే అందుతుంది. ఫోనులో మాట్లాడటమంటే ప్రభుదాసుకు క్లాసు తీసుకోవడమే, చివరి బెంచీకి కూడా వినబడాలి.

"డాడీ, షాపుల కొనుక్కొస్తే అయిపోద్ది గదా," అంది జెరూషా.

"కొనుక్కొస్తే నేను చేసినట్టు ఎట్లయితది? ఒక్క లేయర్‌తోని కాదు, మూడు లేయర్లు కావాలె. మీ మమ్మీకి మాత్రం తెల్వొద్దు."

జెరూషా నవ్వి, తండ్రి చెప్పమన్నవన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. గుడ్లలో తెల్లసొన, పచ్చసొన సెపరేట్ చేయాలంది. ఎట్ల సెపరేట్ చెయ్యాలె అని ఈయన మూడుసార్లు అడిగాడు. ముప్పై అయిదేళ్లయింది, ఇయ్యాల ఐదు లోపల ఈ పని అయిపోవాలె అని గట్టిగా చెప్పి ఫోను పెట్టేశాడు.

పక్క బాల్కనీలో బానో బట్టలు ఆరేస్తోంది. ఇరవై ఏళ్లుగా పక్కిల్లు. ప్రేమమణి ఆమెకు సొంత అక్క కంటే ఎక్కువ. ఆ సమయంలో బానో వంటింట్లో కుక్కరు వరసగా సీటీలు కొడుతోంది. గుడ్లు, పిండి, చక్కెర, క్రీము అన్నీ ఆ సీటీల్లో కొట్టుకుపోయాయి. మిగిలినవి మిగిలాయి. లేయరుకూ లాయరుకూ తేడా ఒక్క గుణింతమే, అది కూడా సీటీలోనే పోయింది. చివరికి బానో చెవికి చేరింది ఇది: మూడు లాయర్లు కావాలె, మీ మమ్మీకి తెల్వొద్దు, ఎట్ల సెపరేట్ చెయ్యాలె, ముప్పై అయిదేండ్లయింది, ఇయ్యాల ఐదు లోపల అయిపోవాలె.

బానో చేతిలో తడి దుపట్టా అలాగే ఉండిపోయింది.

పదిన్నరకు ఆమె ధైర్యం చేసి వీళ్ల తలుపు కొట్టింది. కేకు వాసన మెట్ల మీదికి పోతే గుట్టు రట్టవుతుందని ప్రభుదాసు జానెడు మాత్రమే తలుపు తీశాడు. ముఖమంతా, కనుబొమలతో సహా, మైదా పిండి. బానోకు మాత్రం నిద్రాహారాలు లేక తెల్లగా పాలిపోయిన మనిషి కనిపించాడు.

"అన్నా, మీరు ఫోన్‌ల మాట్లాడింది నేను విన్న," అంది మెల్లగా.

ప్రభుదాసు తలుపును ఇంకాస్త దగ్గరగా లాగాడు. "విన్నవా బానమ్మా? మణికి చెప్పకు. నీకు దండం పెడ్త."

"చెప్ప. నా జబాన్ ఇస్తున్న. గానీ ఈ ఖయాల్ ఎప్పటి సంది ఉన్నది మీకు?"

"క్రిస్మస్ సంది. ఎవ్వరికి చెప్పలే, లోపల్నే పెట్టుకున్న."

"అక్క ఏం తక్కువ చేసిందని?"

"ఏం తక్కువ చెయ్యలే. అదే గదా నా తక్లీఫ్. ముప్పై అయిదేండ్లు అంత ఆమెనే చేసింది. ఇగ ఇయ్యాల ఆమె చెయ్యొద్దు."

బానో కళ్లు ఒత్తుకుంది. "బిడ్డకు ఎరుకేనా?"

"మొదాలు వద్దన్నది. తర్వాత అన్ని ఆమెనే చెప్పిచ్చింది."

"జెర ఆలోచన చెయ్యరాదు అన్నా. గింత జల్దీ ఎందుకు?"

"ఆలోచనకు టైం లేదమ్మా. ఒకటి అప్పుడే లోపల పెట్టిన. ఇంక రెండున్నయి," అని ప్రభుదాసు తలుపు వేసుకున్నాడు.

ఒక లాయరు అప్పుడే లోపలికి వచ్చి కూర్చున్నాడని, మరో ఇద్దరు రావలసి ఉందని బానోకు అర్థమైంది.

ఆమె మాట తప్పే మనిషి కాదు. ప్రేమమణికి చెప్పలేదు. ప్రేమమణి తమ్ముడు కాలేబుకు చెప్పింది. కాలేబు ఇన్సూరెన్స్ ఏజెంటు కాబట్టి కాలనీలో ప్రతి ఇంట్లోనూ క్యాలెండరు మీద అతని నంబరు ఉంటుంది. ఎదుటివాళ్లు చెప్పేది సగం వినగానే మిగతా సగం తనే పూరించుకునే అలవాటున్న మనిషి. లాయర్లు, సెపరేటు, ఇంట్లోంచి ఏదో తియ్యటి వాసన కూడా వస్తోందట అని బానో చెబుతుంటే, అతని ఊహ మత్తుమందు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. వెంటనే పాస్టరు గారికి ఫోను చేశాడు. బావకు ముగ్గురు లాయర్లున్నప్పుడు అక్కకు ఒక్కరైనా ఉండాలని తనకు తెలిసిన అడ్వకేటుకు ఫోను చేశాడు. చివరగా రోసమ్మకు ఫోను చేసి, చిన్నక్క ప్రేమమణికి మాత్రం చెప్పకు అన్నాడు.

పాస్టరు ఆషర్ గారు ఒంటిగంటన్నరకు స్కూటరు మీద వచ్చారు. వయసు ఇరవై ఎనిమిది, పెళ్లయి ఎనిమిది నెలలు. వివాహ జీవితం గురించి ఒక వారం రోజుల శిక్షణ కూడా పొందారు. అప్పటికి ప్రభుదాసు రెండు లేయర్లు దించి, మూడోది ఓవెన్‌లో పెట్టాడు. ఇంకో ఐదు నిమిషాల్లో తీయాలి. కానీ ఇంటికొచ్చిన అయ్యగారిని గుమ్మంలో నిలబెట్టే సంప్రదాయం ఆయనకు లేదు. వంటింటి తలుపు దగ్గరగా వేసి హాల్లో కూర్చోబెట్టాడు.

"ప్రభుదాసు గారూ, మీ సంగతి నాకు తెలిసింది," అన్నారు పాస్టరు బరువుగా.

"మీకు సుత తెల్సిందా?" ప్రభుదాసు నీరుగారిపోయాడు. "సంఘంల ఎవ్వరికి చెప్పకండి అయ్యగారూ. ముక్కలు చేసినంక అందరికి నేనే పంచుత."

"పంచుకునే దాకా వచ్చిందా?" పాస్టరు నిట్టూర్చారు. "విడదియ్యడం తేలిక. కలపడమే కష్టం."

"విడదీసుడు సుత తేలిక కాదు అయ్యగారూ. పొద్దుగాల మూడు పగలగొట్టుకున్న. ఒక్కసారి కలిసిపోయినంక ఇగ ఎవ్వరు విడదియ్యలేరు. గదే నేర్చుకున్న," అన్నాడు ప్రభుదాసు, పగిలిన పచ్చసొనలను తలుచుకుంటూ.

పాస్టరు గారి ముఖం వికసించింది. శిక్షణలో ఇంత త్వరగా ఎవరూ మారినట్టు చెప్పలేదు. "అదే దేవుని వాక్యం. ప్రార్థన చేద్దాం," అని కళ్లు మూసుకున్నారు.

ప్రభుదాసు కూడా మూసుకున్నాడు. ఆదాము అవ్వలతో మొదలైన ప్రార్థన అబ్రాహాము శారాల దాకా వచ్చేసరికి ఓవెన్ టింగుమంది. "ఆమేన్," అన్నాడు ప్రభుదాసు ఆశగా. పాస్టరు గారు దాన్ని ప్రోత్సాహంగా తీసుకుని గొంతు పెంచారు. ఇస్సాకు రిబ్కాల దగ్గర వాసన హాల్లోకి వచ్చింది. ప్రార్థన ముగియకుండా లేవడం అరవై ఒక్కేళ్లలో ఆయన ఎన్నడూ చేయలేదు. ఒక కన్ను తెరిచాడు, అది కూడా మొదటిసారే. వంటింటి తలుపు సందులోంచి సన్నగా పొగ కనిపించింది.

"ప్రభువా, ఈ గృహములో రగులుచున్న అగ్నిని నీవే చల్లార్చుము," అన్నారు పాస్టరు.

"ఆమేన్, ఆమేన్, ఆమేన్," అన్నాడు ప్రభుదాసు. జీవితంలో ఇంత మనస్ఫూర్తిగా ఆయన ఏ ప్రార్థననూ సమర్థించలేదు.

ప్రార్థన అయ్యాక వంటింట్లోకి పరుగెత్తి, పొగలో మూడో లేయరును బయటికి లాగి, కళ్లనిండా నీళ్లతో తిరిగి వచ్చాడు. ఆ కన్నీళ్లు చూసి పాస్టరు గారి మనసు కరిగింది. మనిషిని కాసేపు ఒంటరిగా వదిలేయాలని శిక్షణలో చెప్పారు. బయటికి వెళ్లి మెట్ల మీద, బానోకు రెండు మెట్లు కింద కూర్చుని, మనిషి మెత్తబడ్డాడని, లోపల మాత్రం ఇంకా మంటగానే ఉందని చెప్పారు. మాడిన వాసన సంగతి బానో కాలేబుకు చెప్పింది. కాలేబు రోసమ్మకు చెప్పాడు.

లోపల ప్రభుదాసు మాడిన లేయరును కత్తితో గీకి, దాన్ని అడుగున పెడితే ఎవరికీ కనబడదని నిర్ణయించుకున్నాడు. అసలు కష్టం క్రీముతో వచ్చింది. మే నెల ఎండకు వంటిల్లే ఓవెన్‌లా ఉంది. బీటరు తిప్పి తిప్పి చెయ్యి పడిపోయినా క్రీము మజ్జిగలాగే ఉంది. అయినా తప్పదని లేయరు మీద పోసి, పండ్ల ముక్కలు పరిచి, పైన ఇంకో లేయరు పెట్టాడు. అది కుదురుగా కూర్చోలేదు, నెమ్మదిగా పక్కకు జరగసాగింది. ఖండాలు జరుగుతాయని ముప్పై మూడేళ్లు పాఠం చెప్పిన మనిషి, కళ్లారా చూడటం ఇదే మొదలు. ఒక చేత్తో పై లేయరును, ఇంకో చేత్తో కింది లేయరును పట్టుకుని, గడియారం వైపు చూశాడు. మూడుంబావు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే బెల్లు మోగింది. చేతులు వదిలేస్తే కేకు పోతుంది. "తలుపు తీసే ఉన్నది," అని అరిచాడు.

కాలేబు ముందు, పాస్టరు గారు వెనక, ఆ వెనక బానో, అందరి వెనక నల్లకోటు చేతి మీద వేసుకుని అడ్వకేటు కామాక్షి హాల్లోకి వచ్చారు. కోర్టు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఫైలు కూడా ఉంది.

"బావా, నువ్వు పెట్టుకున్న ఆ ముగ్గురిని బయటికి పిలువు," అన్నాడు కాలేబు హాల్లోంచే. "మా అక్క తరఫున మాట్లాడేటందుకు మేడం వచ్చింది."

"మూడూ ఈడనే ఉన్నయి కాలేబూ," అని వంటింట్లోంచి దీనంగా వినబడింది. "ఒక్కటి సుత నిలబడ్తలేదు."

విన్నది నమ్మడం కామాక్షి వృత్తిలో లేదు. ఆమె నేరుగా వంటింట్లోకి నడిచింది. రెండు చేతులతో ఒక కేకును పట్టుకుని, కనుబొమల నిండా పిండితో నిలబడ్డ పెద్దమనిషిని చూసింది.

"ఏంది సార్ ఇది?"

"లేయర్లమ్మా. మూడు."

కామాక్షి ఒక్క క్షణం ఆగి, కాలేబు చెప్పిన కేసంతా మనసులో మొదటి నుంచి తిరగేసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, "కాలేబు గారూ, మీ బావగారి ముగ్గురు లాయర్లు దొరికిండ్రు. ఒకాయన జెర మాడిండు. వచ్చి చూస్కోండి," అంది.

బానో దుపట్టా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను లాయర్ అనే విన్న అన్నా. కుక్కర్ సీటీ కొడ్తుండె," అని మాత్రం అనగలిగింది. పాస్టరు గారు అడుగు లేయరు వైపు చూసి, "ఇది ఎప్పుడు మాడింది?" అని అడిగారు.

"ఇస్సాకు కాడ అయ్యగారూ," అన్నాడు ప్రభుదాసు.

ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. కోపానికి టైం లేదు. "మణి ఐదింటికి వస్తది," అన్నాడు. "ముప్పై అయిదేండ్లల ఆమె చేతి వంట మంచిగున్నదని ఒక్కసారి సుత చెప్పలే నేను. ఇయ్యాల గిట్ల చెప్దామనుకున్న. ఇది సుత నిలబడ్తలేదు."

కామాక్షి నల్లకోటును తలుపుకు తగిలించింది. "కేకు వేడిగ ఉండంగనే క్రీమ్ పెట్టిండ్రు. అందుకే జారుతుంది," అంది చేతులు కడుక్కుంటూ. ఆదివారాలు పిల్లలకు ఆమె చేసిపెట్టే కేకులు చుట్టాల్లో పేరుపడ్డవట. మొదట లేయర్లను విడదీసి, క్రీము గీకేయించింది. "అక్కా, మీ ఇంట్ల ఐసు ఎంతుంటె అంత తెండి. కాలేబు గారూ, టేబుల్ ఫ్యాన్ పట్టుకొని లేయర్లకు గాలి కొట్టించండి. క్రీమ్ గిన్నె ఐసు మీద పెట్టి తిప్పాలె, లేకపోతే ఈ ఎండల రెండు దినాలు తిప్పినా గట్టిపడది."

పాస్టరు గారికి పైనాపిల్ కోసే పని దొరికింది. ఆయన, చేసిన తప్పుకు పరిహారంలాగా, ఒకే కొలతలో ముక్కలు కోశారు. బానో ఐసు తెచ్చింది, మామిడిపండ్లు కూడా తెచ్చింది. నాలుగింటికల్లా క్రీము గట్టిపడి గిన్నెలో శిఖరాల్లా నిలబడింది. అడుగున మాడిన లేయరు, దాని మీద క్రీమూ పండ్లూ, మళ్లీ లేయరు, మళ్లీ క్రీమూ పండ్లూ, మళ్లీ లేయరు. పైన తెల్లని క్రీము కామాక్షి పూస్తుంటే, ప్రభుదాసు ఊపిరి బిగబట్టి చూశాడు. కేకు నిలబడింది. కొంచెం ఎడమకు ఒరిగింది గానీ, నిలబడింది.

నాలుగుంబావుకు కింద ఆటో ఆగింది. బాల్కనీలోంచి తొంగిచూసిన కాలేబు ముఖం మాడిపోయింది. "చిన్నక్క. రోసక్క చెప్పేసింది."

రోసమ్మ చెప్పకుండా ఉంటుందని ఎవరూ అనుకోలేదు, అయినా అందరూ తత్తరపడ్డారు. కాలేబు గుమ్మానికి అడ్డం వెళ్లి, "అక్కా, పరేషాన్ గాకు, అది విడాకులు కాదు," అన్నాడు. ప్రేమమణి అతన్ని పక్కకు నెట్టింది. పాస్టరు గారు దుఃఖపడవద్దన్నారు. ఆవిడ నమస్కారం పెట్టి దాటిపోయింది. నేరుగా వంటింట్లోకి వెళ్లి, స్టవ్వు చూసింది, గ్యాసు సిలిండరు చూసింది, ఓవెన్ ప్లగ్గు చూసింది. అప్పుడు గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది.

"విడాకులని రోసక్క చెప్తే నేను నవ్విన," అంది ఆవిడ అందరికేసి తిరిగి. "చెప్పులు ఏడున్నయో నన్ను అడిగే మనిషి, లాయర్ ఏడున్నడో ఎవర్ని అడుగుతడు? కాయితాల మీద సంతకం ఏడ పెట్టాలెనో సుత నన్నే అడుగుతడు. గానీ కాలేబు ఆమెకు మళ్ల ఫోన్ చేసి ఇంట్లకెళ్లి మాడిన వాసన వస్తుందన్నడట. ఈయన వంటింట్లకు పోయిండని అప్పుడు తెల్సింది. పానం పోయింది నాకు. రోసక్కను ఆమె బిడ్డకు అప్పజెప్పి ఉరికొచ్చిన."

అంతవరకు ఆమెకూ బల్లకూ మధ్య అడ్డంగా నిలబడ్డ ప్రభుదాసు, ఇక దాచి లాభం లేదని పక్కకు జరిగాడు.

ప్రేమమణి కేకును చూసింది. తెల్ల క్రీము, పైన దానిమ్మ గింజలు, పసుపు రంగు మామిడి ముక్కలు, మూడు లేయర్లు. చాలాసేపు చూసింది.

"ఎవరు చేసిండ్రు?" అంది చివరికి.

అబద్ధమాడటానికి ఇంతకంటే మంచి సమయం ప్రభుదాసుకు దొరకదు. కానీ ఆయన టీచరు. "క్రీమ్ లాయరమ్మ చేసింది. పండ్లు అయ్యగారు కోసిండ్రు. మామిడిపండ్లు బానమ్మవి. గాలి కాలేబుది," అన్నాడు.

"మీరు చేసింది ఏదీ?"

ప్రభుదాసు తల వంచుకుని అడుగు లేయరు చూపించాడు. "మూడూ నేనే చేసిన. గానీ ఆ మాడింది మాత్రం పూర్తిగ నాది."

ప్రేమమణి కత్తి తీసుకుని పెద్ద ముక్క కోసింది. పళ్లెంలో పెట్టుకుని, పైనున్న క్రీమూ పండ్లూ రెండు లేయర్లూ నెమ్మదిగా పక్కకు తీసి, అడుగున ఉన్న నల్లటి లేయరును తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో తునక తీసుకుంది. ఆ లేయరు మొత్తం, మాడిన అంచుతో సహా, ఒక్క పొడి కూడా మిగలకుండా తింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం ప్రభుదాసు చూశాడు. ముప్పై అయిదేళ్లుగా గొంతులో అడ్డుపడ్డ మాట అప్పుడు దానంతట అదే బయటికి వచ్చింది.

"మణీ, ఇన్నేండ్లు నువ్వు చేసినవన్ని మస్తుండె. చెప్పలే నేను. తప్పయింది."

"తెలుసు," అంది ప్రేమమణి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "గిన్నెలు ఊకనే ఖాళీ అయితయా?"

బానో ముక్కు ఎగబీల్చింది. పాస్టరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. కాలేబు అందరికీ ముక్కలు పంచాడు. కేకు నిజంగానే బాగుంది.

ప్రేమమణి మాత్రం వంటిల్లంతా మరోసారి కలియజూసింది. పగిలిన గుడ్ల పెంకులు, గోడ మీద క్రీము, నేల మీద పిండి. ఆ తర్వాత భర్తను కొత్తగా చూసినట్టు చూసింది.

"ఇన్నేండ్లు నాకు ఏం చేతకాదు, ఏం చేతకాదు అని కూసున్నరు గదా," అంది తాపీగా. "మూడు లేయర్ల కేకు చేసిన మనిషికి ఉప్మా ఎంత పని? రేపటి సంది పొద్దుగాల టిఫిన్ మీదే. ఇప్పుడు ఈ గిన్నెలు సుత."

ప్రభుదాసు చుట్టూ చూశాడు. తనకు వంట రాదని చెప్పే మనిషి ఆ వంటింట్లో ఒక్కరూ లేరు. దిక్కుతోచక కామాక్షి వైపు తిరిగి, "అమ్మా, మీరన్నా జెర చెప్పండి," అన్నాడు.

కామాక్షి రెండో ముక్క తింటూ, ఇంతమంది సాక్షుల ముందు రుజువైపోయిన కేసును తాను తీసుకోనని చెప్పింది.